ఇరుక్కుపోయిన నట్టు గురించి అల్లునికి

అల్లుడా,

నువ్వు పంపిన ఫోటో చూసిన. ఇంజను పొగను సైలెన్సర్ పైపుకు పంపే మ్యానిఫోల్డు, ఇంజను పైభాగమైన అల్యూమినియం హెడ్డుకు కలిసే కాడ ఒక నట్టు మూలలు అరిగి గుండ్రంగ అయింది. ఇంక దాని మీద ఆ రింగు పానా పెట్టకు. పన్నెండు మూలల రింగు నట్టు మూలల్నే పట్టుకుంటది, తుప్పు పట్టిన నట్టుకు ముందు పోయేవి అవే. ఆరు మూలల సాకెట్టు చదును భాగాన్ని పట్టుకుంటది. మొదటిసారి చెయ్యి పెట్టేటప్పుడే అది తీసుకోవాలె.

భూపాలపల్లి దిక్కు తిరిగే బండ్లకు బొగ్గు దుమ్ము, వానకాలం బురద కలిసి నట్టు చుట్టూ గట్టిపడతయి. అందుకే నూనె కొట్టేముందు స్టడ్డుకు (నట్టు ఎక్కే కడ్డీకి) బయటికి కనబడే మరలను వైరు బ్రష్షుతోని మెరిసేదాక రుద్దు. నట్టు వాటి మీది నుంచే రావాలె కదా. తుప్పు మిగిలితే కదిలిన నట్టు మళ్ల పట్టేస్తది. తర్వాత సందుల్లకు దిగే పెనెట్రేటింగ్ ఆయిలు కొట్టి, నట్టు చదును మీద సుత్తెతోని పది పదిహేను చిన్న దెబ్బలు కొట్టు. ఆ అదురుకు తుప్పు పగిలి నూనె లోపలికి దిగుతది. రాత్రంత నాననియ్యి. ఓనరు సాయంత్రానికే బండి కావాలని తొందరపెడితే, స్టడ్డు తెగితే హెడ్డు దింపే పని పడొచ్చని ముందుగాలనే చెప్పు.

అది 12 నంబరు నట్టు, 8 ఎంఎం స్టడ్డు. మూలలు పోయినయి కాబట్టి 11 నంబరు ఆరు మూలల సాకెట్టును సుత్తెతోని కొట్టి ఎక్కియ్యి. ఎక్కకపోతే నట్టును ఆకురాయితోని కొంచెం అరగదియ్యి.

తిప్పేముందు నట్టుకు, స్టడ్డు కొసకు కలిపి సుద్దతోని ఒక గీత గియ్యి. మొదట వెంట్రుకవాసి బిగించు, తర్వాత వదులు చెయ్యి. వచ్చే నట్టు టక్కుమని వదిలి కిర్రుమంటది, గీత విడిపోతది. పావు చుట్టు వచ్చినంక మళ్ల కొంచెం వెనక్కి, నూనె, మళ్ల ముందుకు. తెగబోయే స్టడ్డు చప్పుడు చెయ్యది. చేతికి రబ్బరు లెక్క మెత్తగ సాగినట్టు ఉంటది, గీత మాత్రం విడిపోదు. అట్ల అనిపించిన క్షణమే ఆపు. ఆడ పానాకు పైపు తొడిగి లాగితే స్టడ్డు తెగి చేతికొస్తది.

అప్పుడు వేడి పెట్టాలె. కొట్టిన నూనె తుడిచెయ్యి, దగ్గర్ల పెట్రోలు పైపు, సెన్సారు వైరు ఉంటే పక్కకు జరుపు, మంటలార్పే సిలిండరు చేతికందేటట్టు పెట్టుకో. మంట నట్టు మీదనే ఉండాలె. అది సాగి స్టడ్డును వదులుతది. స్టీలు ఎర్రబడి చెప్తది గని, అల్యూమినియం రంగు మారకుండనే 660 డిగ్రీల కాడ కరిగిపోతది. హెడ్డు దిక్కు మంట పోనియ్యకు. నట్టు ఎరుపు తగ్గినంక కొవ్వొత్తి తాకిస్తే మైనం మరల సందుల్లకు పాకుతది.

అయినా రాకుంటే నట్టును గ్రైండరుతోని ఒక పక్క మరల దాకా కోసి, ఉలితోని చీల్చు. కండ్లద్దాలు లేకుండ గ్రైండరు పట్టకు. నట్టు పోయినా స్టడ్డు దక్కుతది.

స్టడ్డే తెగి ముక్క బయటికి ఉంటే, బ్యాటరీ నెగెటివ్ తీసి, కొత్త నట్టు తొడిగి లోపల వెల్డింగు నింపించు. ఎరుపు పోయినంక తిప్పు. హెడ్డుకు సమానంగ తెగితే సరిగ్గ నడుమ పంచ్‌తోని గుర్తు కొట్టు. ఒక్క ఎంఎం పక్కకు పోయినా డ్రిల్లు అల్యూమినియాన్ని తింటది. ముందు 3 ఎంఎం, తర్వాత 5 ఎంఎం రంధ్రం చెయ్యి. తెగిన ముక్కను బయటికి తీసే ఎక్స్‌ట్రాక్టరును ఆ రంధ్రంల పెట్టి బలవంతంగ తిప్పకు. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని కొయ్యలేదు, అప్పుడు హెడ్డు పట్టుకొని లేత్ షాపుకే పోవాలె. కొత్తగ మరలు తియ్యాలంటే 8 ఎంఎం, 1.25 పిచ్ (మరల మధ్య దూరం) ట్యాపుకు 6.8 ఎంఎం రంధ్రం కావాలె.

బిగించేటప్పుడు స్టడ్డు, నట్టు కొత్తవి తెచ్చుకో, మరలకు కాపర్ గ్రీజు పల్చగ రుద్దు. ఇంజను ఒకసారి బాగ వేడెక్కి పూర్తిగ చల్లారినంక నట్లు మళ్లొకసారి చూడు.

మీ మామ