ర్యాంపు ఉన్నా వీల్‌చైర్ పక్కకు లాగుతోందంటే చూడాల్సింది అడ్డవాలు

చెరువు పక్కన ఉన్న మట్టిబాట గురించి ఒకరు అడిగారు: ర్యాంపు ఉంది, బాట చదునుగానే ఉంది, అయినా మర్రిచెట్టు దగ్గరికి వెళ్లేలోపు వీల్‌చైర్ చెరువు వైపు లాగేస్తోందన్నారు. కారణం దాదాపుగా అడ్డవాలే, అంటే బాట వెడల్పులో ఒక పక్కకు ఉండే వాలు. వాననీళ్లు పోవాలని బాటను ఒక పక్కకు మరీ వంచి ఉంటారు. నడిచేవాళ్లకు అది తెలియదు. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు మాత్రం ఒక చేత్తోనే బలమంతా పెట్టి నెట్టుకోవాలి. పొడవునా ఉండే వాలును అందరూ కొలుస్తారు, దీన్ని వదిలేస్తారు.

1. మీటరు పొడవున్న తిన్నని బద్దను బాటకు అడ్డంగా పెట్టి, రసమట్టంతో (స్పిరిట్ లెవెల్) సమం చేయండి. పల్లపు వైపు బద్ద కింద సందు 2 సెం.మీ. దాటకూడదు. ప్రతి పది అడుగులకూ చూడండి, మలుపుల్లో తప్పకుండా.

2. సందు 2 సెం.మీ. దాటిన చోట పైన మట్టి పోసి వదిలేస్తే మొదటి వానకే కొట్టుకుపోతుంది. పైపొర గీకి, క్రషర్ డస్ట్ (కంకర మిల్లులో వచ్చే రాతిపొడి) పొరలుగా పరిచి, తడిపి, రోలర్ తొక్కించండి. వదులు కంకర అసలు వద్దు, ముందు చక్రాలు దిగబడతాయి. మర్రి వేళ్ల దగ్గర తవ్వొద్దు, బాటనే కాస్త పక్కకు తిప్పండి.

3. ర్యాంపు సిమెంటు ముగిసి మట్టి మొదలయ్యే చోట మెట్టులా లేకుండా కలపండి. వానాకాలం అయ్యాక మళ్లీ చూడాలి.

4. బెంచీ పక్కన వీల్‌చైర్ నిలిపేందుకు 90 సెం.మీ. వెడల్పు, 120 సెం.మీ. పొడవు సమతలం వదలండి. వెనకాల కాదు, పక్కనే. ఇంటివాళ్ల మధ్య కూర్చోవడానికే కదా వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లూ అంతదూరం వచ్చేది. బల్ల ఉంటే దాని కింద మోకాళ్లు పట్టేలా 70 సెం.మీ. ఎత్తు ఖాళీ ఉండాలి.