నా పొదుపంతా బాబు చదువుకు ఇచ్చేయాలా?

ప్రశ్న: నా వయసు 49. ఈ ఏడాది మా ఇంట్లో అన్నీ మంచి కబుర్లే. పాప చదువు పూర్తిచేసి ఉద్యోగంలో చేరింది. హోమ్ లోన్ చివరి ఈఎంఐ కట్టేశాం. బాబుకు వచ్చే ఏడాదితో స్కూలు అయిపోతుంది, తర్వాత నాలుగేళ్ల కోర్సు. పాప పుట్టినప్పుడు నేను ఉద్యోగం మానేశాను. 41వ ఏట మళ్లీ పుస్తకాలు పట్టి, 44కి డిగ్రీ పూర్తిచేశాను. ఐదేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను, ఈమధ్య ప్రమోషన్ కూడా వచ్చింది. దాచుకున్న జీతం సేవింగ్స్ ఖాతాలోనే ఉంది. బాబు కోర్సు ఖర్చులో సగం మావారి పొదుపు నుంచి వస్తుంది. మిగతా సగానికి నా డబ్బు సరిగ్గా సరిపోతుంది. ఇచ్చేయాలనే ఉంది. కానీ పై స్థాయికి వెళ్లడానికి ఒక వృత్తి పరీక్ష రాయాలనీ, 62లో రిటైరయ్యాక ఎవరి మీదా ఆధారపడకూడదనీ కూడా ఉంది. మా ఇద్దరికీ పింఛను రాదు. ఇలా అనుకోవడం స్వార్థమా?

జవాబు: నమస్తే అండి. ముందుగా మీ డిగ్రీకీ, ప్రమోషన్‌కీ మనసారా అభినందనలు. పాప ఉద్యోగం, ఇంటి అప్పు తీరడం ఎంత పెద్ద విషయాలో ఇవీ అంత పెద్దవే.

మీ ఉత్తరాన్ని నేను ఒక ఆదాయవ్యయాల పట్టికలా చదివాను. మీరు సంతోషంగా చెప్పిన ప్రతి సంగతి వెనుకా డబ్బు కదలిక ఉంది. పాపకు ఉద్యోగం వచ్చిందంటే ఒక ఖర్చు ఆగింది. బాబు స్కూలు అయిపోతోందంటే ఒక ఖర్చు మొదలవుతోంది. లోన్ తీరిందంటే ఇన్నేళ్లుగా నెలనెలా బయటికి పోతున్న మొత్తం ఇక ఇంట్లోనే ఉంటుంది. ఈ చివరిదాన్ని మీరు శుభవార్తగా చెప్పారు కానీ లెక్కలోకి తీసుకోలేదు. నా సలహా అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మీరు విడిగా పంపిన అంకెలను ఇక్కడ బయటపెట్టడం బాగుండదు కాబట్టి మీ పొదుపు మొత్తాన్ని 100 అనుకుందాం. ఆ లెక్కన బాబు కోర్సుకు కావాల్సింది 200, అంటే ఏడాదికి 50. మీరు కడుతూ వచ్చిన ఈఎంఐ ఏడాదికి 16. ఇంటి ఖర్చు ఏడాదికి 30. మీ జీతం 28, అందులో మీరు దాచేది 20.

కోర్సు మొదలవడానికి ఇంకా ఏడాది ఉంది. మొదటి రెండేళ్ల ఫీజులు మీవారి పొదుపు నుంచి కట్టండి. ఈలోగా పాత ఈఎంఐ మొత్తాన్ని, పాత తేదీనే, బాబు చదువు కోసం తెరిచిన వేరే ఖాతాలోకి పంపండి. మూడో ఏడు మొదలయ్యేసరికి అందులో 48 ఉంటుంది. ఆ ఏడాది ఫీజుకు 2 తక్కువ, అది మీ నెల జీతంలోంచే సర్దుకుంటుంది. నాలుగో ఏటికి మరో 16 చేరుతుంది. ఫీజు విడతలుగా కట్టే వీలుంటే ఆ ఏడాది పొడవునా కట్టే 16 కూడా పనికొస్తుంది. చివరికి లోటు 18 దగ్గర ఆగుతుంది. మీరు ఇవ్వాలనుకున్నది 100 అని గుర్తుపెట్టుకోండి.

ఆ 18కి బాబు పేరు మీద విద్యారుణం తీసుకోండి. అవసరం చివరి ఏడాదిలోనే కాబట్టి వడ్డీ ఎక్కువ పెరగదు. ఉద్యోగంలో చేరాక తనే తీర్చుకుంటాడు. ఈ మాట అడ్మిషన్ అయ్యాక కాదు, కోర్సులు ఎంచుకుంటున్నప్పుడే చెప్పండి. ఇంట్లో ఎంత ఉంది, తను ఎంత భరించాలి అనేది తెలిస్తే పిల్లలు కాలేజీని చూసే చూపు మారుతుంది. 17 ఏళ్ల పిల్లవాడికి ఆ లెక్క చూపించడం వాడిని గౌరవించడమే.

ఈఎంఐ ఆగిన కుటుంబాలను చాలా చూశాను. రెండు మూడు నెలల్లో ఆ డబ్బు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. దుబారా ఏమీ ఉండదు, ఇంటి ఖర్చు నెమ్మదిగా పెరిగి దాన్ని మింగేస్తుంది. అందుకే బ్యాంకులో ఆటో డెబిట్‌ను ఈ వారమే కొత్త ఖాతాకు మార్చండి. ఈ డబ్బు మూడు నాలుగేళ్లలో కావాలి కాబట్టి షేర్ల జోలికి వద్దు, డిపాజిట్లలోనే ఉండనివ్వండి. పనిలో పనిగా బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం, ఇంటి అసలు కాగితాలు చేతికి వచ్చాయో లేదో చూసుకోండి.

ఇక మీ 100 సంగతి. అందులో 15, అంటే ఆరు నెలల ఇంటి ఖర్చు, అత్యవసరానికి పక్కన పెట్టండి. మీవారి పొదుపు రెండేళ్లలో ఖాళీ అవుతుంది, అప్పుడు ఎవరికైనా ఉద్యోగం పోతే, జబ్బు చేస్తే ఆదుకునేది ఇదొక్కటే. పరీక్ష ఫీజు, పుస్తకాలు కలిపి 3 అవుతుందని రాశారు. అది వెంటనే కట్టేయండి. ఆ పరీక్ష వల్ల జీతం పదిశాతం పెరిగినా ఏడాదికి 2.8 అదనం. పెట్టింది దాదాపు ఏడాదిలో వెనక్కి వచ్చేస్తుంది, ఆ తర్వాత మీకు ఇంకా పదేళ్లకు పైగా సర్వీసు ఉంటుంది. మీ ఉత్తరంలో ఉన్న పెట్టుబడులన్నిటిలో రాబడి ఎక్కువ ఉన్నది ఇదే. దీన్ని మీరు కోరికల జాబితాలో రాశారు. నేను పెట్టుబడుల్లో రాస్తాను.

మిగిలింది 82. అది మీ పేరున, 62 తర్వాతి కాలానికి. ఏడాదికి 7 శాతం రాబడి వస్తుందనుకుంటే 13 ఏళ్లలో 198 అవుతుంది. ధరలు ఏటా 5 శాతం పెరిగితే దాని విలువ ఈనాటి లెక్కలో 105. చూశారా, పెరిగినట్టు కనిపించే దాంట్లో చాలా భాగం ధరలతో పాటు పరుగెత్తడానికే సరిపోతోంది. సేవింగ్స్ ఖాతాలో వదిలేస్తే ఆ పరుగు కూడా ఉండదు. 7 శాతం ఆశించాలంటే కొంత డిపాజిట్లలో, కొంత షేర్లలో పెట్టే ఫండ్లలో ఉండాలి. ఇది గ్యారంటీ కాదు, 13 ఏళ్ల వ్యవధిలో వేసుకున్న అంచనా. రిటైర్మెంట్ దగ్గరపడే కొద్దీ షేర్ల వాటా తగ్గించుకుంటూ రండి.

ఏటా దాచే 20ని కూడా ఇలాగే పెడితే 62 నాటికి ఈనాటి విలువలో మరో 214 చేరుతుంది. రెండూ కలిపి 319. రిటైరయ్యాక నిధి నుంచి ఏటా ఎంత తీసుకోవచ్చో 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ ఆర్థిక సలహాదారు ఒక లెక్క కట్టారు. మొదటి ఏడు నిధిలో 4 శాతం తీసుకుని, తర్వాత ధరలతో పాటు పెంచుకుంటూ పోతే డబ్బు కనీసం 30 ఏళ్లు వచ్చింది. అది అమెరికా మార్కెట్ల చరిత్ర మీద కట్టిన లెక్క కాబట్టి అన్నిచోట్లా అచ్చంగా నమ్మలేం, అంచనాకు వాడుకోవచ్చు. దాని ప్రకారం మీ 319 నుంచి ఏడాదికి 13 కూడా పూర్తిగా రాదు. ఇంటి ఖర్చేమో 30. పిల్లలు స్థిరపడ్డాక అది తగ్గినా 13కి దిగదు.

అంటే ఏమీ ఇవ్వకుండా అంతా దాచుకున్నా మీ నిధి ఇంటి ఖర్చులో సగానికి రాదు. అలాంటప్పుడు ఉన్న 100 కూడా ఇచ్చేస్తే ఆ లోటు ఏదో ఒక రోజు పాప మీదో, బాబు మీదో పడుతుంది. అప్పటికి వాళ్లకూ పిల్లలుంటారు, వాళ్ల ఫీజులుంటాయి. మీరడిగిన స్వార్థం ప్రశ్నకు నా జవాబు ఇదే: కాదు, ముమ్మాటికీ కాదు.

బాబు కోర్సు అయ్యాక కూడా ఆ ఈఎంఐ తేదీని వదలకండి. మీకు 54 వచ్చాక అదే 16ని మిగిలిన ఎనిమిదేళ్లు మీ ఇద్దరి వృద్ధాప్య నిధిలోకి మళ్లిస్తే ఏడాదికి తీసుకోగలిగేది 16 దాటుతుంది. పిల్లలు వెళ్లాక తగ్గే ఖర్చుకు అది చాలా దగ్గర. మీవారి పొదుపు మళ్లీ మొదలైతే మిగతాదీ పూడుతుంది.

మీ పేరునే అని నొక్కి చెబుతున్నదానికి కారణముంది. ఉద్యోగం ఆపిన ఏళ్లలో మీకు పోయింది జీతం ఒక్కటే కాదు, ఇంక్రిమెంట్లు, వాటి మీద చేరాల్సిన రిటైర్మెంట్ నిధి కూడా. ఒకే చదువు, ఒకే వృత్తి ఉన్న స్త్రీపురుషుల సంపాదనలో తేడా ఎక్కువగా మొదటి బిడ్డ పుట్టాకే మొదలవుతుందని 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ పరిశోధనలు చెబుతున్నాయి. పైగా దాదాపు అన్ని దేశాల్లోనూ సగటున ఆడవాళ్లే ఎక్కువ కాలం బతుకుతారు. ఆఖరి ఏళ్లు ఒంటరిగా గడపాల్సి వచ్చేది మీరే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ రోజున ఎవరి సంతకం కోసమూ ఎదురుచూసే పరిస్థితి ఉండకూడదు. ఖాతాలో మొదటి పేరు మీది ఉండాలి, నామినీని రాయాలి, ఇద్దరూ వీలునామా రాసుకోవాలి.

బీమా గురించి మీరు ఏమీ రాయలేదు. మీవారికీ మీకూ కనీసం బాబు కోర్సు అయ్యేదాకా టర్మ్ పాలసీలు (నిర్ణీత కాలానికి తీసుకునే జీవిత బీమా) ఉండాలి, ఎందుకంటే ఈ ప్రణాళిక మీ ఇద్దరి జీతాల మీదా నిలబడింది. పాపను ఇప్పుడే సొంత ఆరోగ్య బీమా తీసుకోమనండి. అంతకుమించి తన జీతాన్ని ఈ లెక్కల్లో కలపకండి, తన పొదుపు తను మొదలుపెట్టనివ్వండి.

మీవారితో కూర్చుని ఈ అంకెలన్నీ ఒకసారి చూడండి. ఆయన రిటైరయ్యే ఏడాది, ఆయన ఏటా దాచగలిగేది మీ ఉత్తరంలో లేవు. అవి పంపితే ఇద్దరి నిధీ కలిపి లెక్క వేసి రాస్తాను. పరీక్ష దరఖాస్తుకు మాత్రం దాని కోసం ఆగకండి.