అన్నిటికీ తాళం వేస్తే ఫైళ్లు వాట్సాప్‌లోకి పోతాయి
మీ ట్యాక్స్ ఆఫీసులో ఆరుగురూ ఒకే గూగుల్ డ్రైవ్ లాగిన్ వాడేవారు. అది ఆపి అన్నిటికీ తాళం వేస్తే, స్టాఫ్ క్లయింట్ల పాన్, ఆధార్ కాపీలు వాట్సాప్‌లో పంపుకుంటున్నారు, అదీ మీ సమస్య. మా ఆఫీసులోనూ అచ్చం ఇదే జరిగింది. పని ఆగితే ఎవరైనా దొడ్డిదారి వెతుక్కుంటారండీ, తిట్టి లాభం లేదు.

ముందు ఎవరి లాగిన్ వాళ్లకి ఇచ్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో నిర్ధారణ కూడా అడిగేది) ఆన్ చేయించండి. ఈ ఏడాది రిటర్నుల ఫోల్డర్ అందరికీ తెరిచే ఉంచండి, రోజూ దాంతోనే కదా పని. పాత ఏళ్లవి మీకూ ఇంకొకరికీ చాలు. 'లింక్ ఉన్న ఎవరైనా' అని షేర్ చేసినవన్నీ ఈరోజే మార్చండి. మా దగ్గర మానేసి రెండేళ్లయిన కుర్రాడి ఫోన్లో కూడా ఆ లింక్ తెరుచుకుంది!

రిటర్నులో ఆధార్ నంబరు ఎక్కించాక కాపీ దాచుకోవడానికి మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి.

ఇంకోటి, డ్రైవ్ సింక్‌ని, అంటే అన్ని కంప్యూటర్లలోనూ ఫైళ్లు ఒకేలా ఉంచే ఏర్పాటుని, బ్యాకప్ అనుకోకండి. పొరపాటున డిలీట్ చేస్తే అన్ని కంప్యూటర్లలోనూ పోతుంది, ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. శనివారం సాయంత్రం ఎన్‌క్రిప్ట్ చేసిన (పాస్‌వర్డ్ లేకుండా చదవలేని) హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, కేబుల్ పీకి బీరువాలో పెట్టేయండి.