సర్వేకి జవాబులు చెప్పడమేనా, మా మాటకీ చోటుంటుందా?

ప్రశ్న: మా బస్తీ పక్కనే బస్సులు, లారీలు ఆగే రోడ్డు. పిల్లలకి దగ్గు, ఆయాసం తగ్గవు. ఆ మధ్య ఎవరో ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకుని, రక్తం కూడా తీసుకుని అజాపజా లేకుండా పోయారు. ఇప్పుడు ఇంకో బృందం వచ్చి మా మహిళా సంఘాన్ని పరిశోధనలో భాగస్వాములు కమ్మంటోంది. ఒప్పుకోవాలా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఒప్పుకోవచ్చమ్మా, కానీ ముందు ఒకటి అడగండి. ఏం కొలవాలో, ఎక్కడ కొలవాలో మీతో కూర్చుని తేలుస్తారా, లేక అదంతా అయిపోయి ఇళ్లు చూపించడానికీ, జనాన్ని ఒప్పించడానికీ మాత్రమే మీరు కావాలా? రెండోదైతే అది భాగస్వామ్యం కాదు, ఊరికే చేయించుకునే చాకిరీ.

న్యూయార్క్‌లోని హార్లెమ్ వాళ్లదీ మీ బాధే, డీజిల్ బస్సులు, పిల్లలకి ఆస్తమా. అక్కడివాళ్లు 1988లో 'వీ యాక్ట్' అని సంఘం పెట్టుకుని, 1996 జులైలో కొలంబియా యూనివర్సిటీ వాళ్లతో కలిసి నాలుగు కూడళ్లలో ఫుట్‌పాత్‌ల మీదే గాలిని కొలిచారు, ఎన్ని బస్సులు, లారీలు పోతున్నాయో అక్కడే నిలబడి లెక్కపెట్టారు. పీఎం 2.5 అనే సన్నటి ధూళి నాలుగుచోట్లా పెద్ద తేడా లేదు, డీజిల్ మసి మాత్రం ఒక కూడలికీ ఇంకో కూడలికీ నాలుగు రెట్ల దాకా మారింది, బస్సులూ లారీలూ ఎక్కువున్న చోటే ఎక్కువ. ఎక్కడో మేడ మీద ఒక్క మీటరు పెట్టి ధూళి ఒక్కటే కొలిచుంటే ఈ సంగతి బయటపడేదే కాదు. మీ వీధిలో ఏ టైముకి ఇంజన్లు ఆపకుండా బండ్లు నిలబెడతారో మీకు తెలిసినంత ఏ ప్రొఫెసర్‌కి తెలుస్తుంది చెప్పండి?

ఇంకో విషయం, ఇది చాలామంది పట్టించుకోరు. సంఘం ఒప్పుకుంది కదా అని ఇంటింటి అనుమతి అయిపోదు. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దల మాట ఒక్కో మనిషి ఇచ్చే సమ్మతికి బదులు కాదు. వద్దన్నవాళ్లని మీరే బలవంతపెట్టే పరిస్థితి తెచ్చుకోకండి, రేపు మొహాలు చూసుకోవాల్సింది మీరూ మీరే.

రక్తం తీస్తే రిపోర్టు ఎప్పుడిస్తారు, తేడా ఉంటే ఏ ఆస్పత్రికి పంపుతారు, ఫలితాలు బస్తీలో తెలుగులో, ఉర్దూలో ఎవరొచ్చి చెప్తారు, అన్నీ రాయించుకోండి. సర్వేకి తిరిగే ఆడవాళ్లకి రోజుకి ఎంతిస్తారో కూడా, మొహమాటపడకుండా.