గండు చీమల కాలనీని టెస్ట్‌ట్యూబ్ నుంచి కొత్త గూటికి మార్చడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఒక రాణి, 45 దాకా పనిచీమలు ఉన్న గండు చీమల కాలనీ టెస్ట్‌ట్యూబ్‌లో ఉంది. ట్యూబ్ అడుగున దూదితో ఆపిన నీళ్లు అడుగంటుతున్నాయి, ఆ దూది నల్లబడింది. ఏఏసీ ఇటుకతో (గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుకతో) చేసిన గూడు పక్కనే తగిలించి మూడు రోజులైనా ఒక్క చీమా అందులోకి మారలేదు. ట్యూబ్‌ని తట్టి అన్నిటినీ అందులోకి దులిపేయొచ్చా అని అడిగారు.

దయచేసి దులపకండి. గండు చీమలు, అంటే కాంపోనోటస్ కంప్రెసస్, బెదిరితే పొట్ట వంచి ఫార్మిక్ యాసిడ్ చిమ్ముతాయి. బయట నేల మీదైతే ఆ ఆవిరి గాలిలో కలిసిపోతుంది. సన్నటి గాజు గొట్టంలో అది పోయే దారి లేదు, ఆ ఆవిరికి అవే చచ్చిపోతాయి. ట్యూబ్‌ని గట్టిగా తట్టి, బిరడా పెట్టి, పది నిమిషాల తర్వాత చూస్తే సగం చీమలు కాళ్లు ముడుచుకుని పడి ఉండటం వెనక చాలాసార్లు కారణం ఇదే. ట్యూబ్ తెరిస్తే ముక్కుకు ఘాటుగా పుల్లటి వాసన తగిలిందంటే వెంటనే మూతి దగ్గరి దూది పూర్తిగా తీసేసి గాలి ఆడనివ్వాలి.

ఇంకో సంగతి, దూది నల్లబడటం ప్రమాదం కాదు. అది చాలావరకు వాటి మలం, కొంత బూజు. వాటిని ఆ పక్కన పెట్టుకుని కాలనీలు నెలల తరబడి బాగానే బతుకుతాయి. తొందర పడాల్సింది రెండు సందర్భాల్లోనే: దూది పూర్తిగా ఎండిపోయినప్పుడు, లేదా దూది వదులై నీళ్లు చీమల వైపుకు కారుతున్నప్పుడు. మీది ఈ రెండూ కాదు. మూడు రోజులంటే చాలా తక్కువ, రెండు మూడు వారాలు పట్టడం కూడా మామూలే.

చీమలు ఇల్లు మారేది తేమ కోసం, చీకటి కోసం. తిండి కోసం మారవు. కొత్త గూట్లో తేనె చుక్క పెడితే వస్తాయి, తాగుతాయి, పొట్ట నింపుకుని పాత ఇంటికే తిరిగి పోతాయి. పైగా తిండి ఉన్న చోటుని అవి ఇల్లుగా కాకుండా మేత స్థలంగా చూసే అవకాశం ఉంది. అందుకే కొత్త గూట్లో తిండి అసలు పెట్టొద్దు.

ముందు మీ గూడు సంగతి చూద్దాం, ఎందుకంటే చీమలు మారకపోతే తప్పు సాధారణంగా అక్కడే ఉంటుంది. అద్దం అతికించడానికి సిలికాన్ వాడితే వెనిగర్ వాసన వస్తుంది. అది పూర్తిగా పోయేదాకా, కనీసం నాలుగైదు రోజులు, గూడు తెరిచి గాలికి పెట్టాలి. యాక్రిలిక్ అతికించే ద్రావకమైతే ఒక వారం. మీ ముక్కుకు కొంచెం తెలిసినా చీమకు బాగా తెలుస్తున్నట్టే లెక్క. ఏఏసీ ఇటుకను చెక్కాక దుమ్ము పోయేదాకా మంచినీళ్లతో కడిగి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. ఆ బూడిద దుమ్ములో క్షారం ఉంటుంది.

రెండోది గూటి సైజు. 45 చీమలకు 4 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు గదులు రెండు చాలు. లోతు 12 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటే పెద్ద తల సైనిక చీమలు కూడా ఇబ్బంది లేకుండా తిరుగుతాయి. మీ గూట్లో ఐదారు గదులు ఉంటే మిగతా వాటి దారులు గట్టిగా చుట్టిన దూదితో మూసేయండి. ఖాళీ గదులుంటే ఒక దాన్ని చెత్తకుండీ చేస్తాయి, మీ చెయ్యి అందని ఆ మూల పురుగుల ముక్కలు బూజు పడతాయి. గూడు చాలా ఇరుకుగా ఉందని మనకు అనిపించేంత చిన్నదైతేనే చీమలకు హాయి. కొత్తగా పెంచేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే అని నా అభిప్రాయం.

మూడోది తేమ. ఇటుకంతా తడపొద్దు. సిరంజితో 5 మిల్లీలీటర్లు ఒక చివర మాత్రమే పోయండి, రెండో చివర పొడిగా ఉండనివ్వండి. చీమలు గుడ్లనూ చిన్న లార్వాలనూ తడి వైపు పెట్టుకుంటాయి, లేత గోధుమ రంగు ప్యూపా కాయలను పొడి వైపు పేర్చుకుంటాయి. ఎంపిక వాటికే వదిలేయాలి. అద్దం లోపలి వైపు మూడో వంతు కంటే ఎక్కువ ఆవిరి పట్టిందంటే నీళ్లు ఎక్కువైనట్టు. ఆ నీటి పొరకు చిన్న లార్వాలు అంటుకుపోతాయి. ఎండాకాలంలో తెలంగాణ, రాయలసీమల్లో ఈ ఇటుక రెండు రోజుల్లోనే ఎండిపోతుంది. కోస్తాలో వానాకాలంలో వారమైనా ఆరదు. కాబట్టి రోజుల లెక్క కాకుండా ఇటుక రంగు చూసి పోయండి: తడి ఉన్నంత మేర ముదురు బూడిద రంగులో కనిపిస్తుంది.

ఇక కలపడం. తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెల్ పైపు హార్డ్‌వేర్ షాపులో మీటర్ లెక్కన దొరుకుతుంది. లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లు ఉన్నది తీసుకుని 6 సెంటీమీటర్ల ముక్క కోయండి. ఒక చివర చుట్టూ దూది బిగుతుగా చుట్టి ట్యూబ్ మూతిలో దూర్చండి, రెండో చివర గూటి రంధ్రంలో పెట్టండి. పొడుగు పైపు పెట్టొద్దు. పొడుగైతే అవి ఆ పైపులోనే కాపురం పెట్టేస్తాయి, అక్కడి నుంచి కదిలించడం మహా కష్టం. పైపుకు ఏ కప్పూ వేయకండి, వెలుతురు పడనివ్వండి. మేత డబ్బా, అంటే చీమలకు తిండి పెట్టే డబ్బా, గూటికి రెండో వైపు ఉండాలి. అప్పుడు తిండికి పోయే ప్రతి చీమా కొత్త గూట్లోంచే నడుస్తుంది, దాని వాసన అలవాటవుతుంది.

మేత డబ్బా అంచుకు ఒక చెంచా టాల్కమ్ పౌడర్, మూడు నాలుగు చెంచాల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన పూత 3 సెంటీమీటర్ల వెడల్పున పూసి ఆరనివ్వండి. రాలిన పొడిని తుడిచేయండి. గండు చీమలు నున్నటి ప్లాస్టిక్‌ని సునాయాసంగా ఎక్కేస్తాయి, ఈ పూత ఉంటే జారిపోతాయి. వానాకాలంలో తేమకు ఇది బలహీనపడుతుంది, రెండు వారాలకోసారి మళ్లీ పూయాలి. ఆ గదిలో చీమల మందు చాక్‌పీసు గీతలు, దోమల లిక్విడ్ మిషన్ ఉండకూడదు. రెండింట్లో ఉండేవీ పురుగుల్ని చంపే మందులే.

సాయంత్రం మొదలుపెట్టండి. ముందు రెండు రోజులు చక్కెర నీళ్లు, చిన్న పురుగు ముక్కలు పెట్టి కడుపు నింపండి. తర్వాత కొత్త గూటి అద్దం మీద ఎర్ర జిలటిన్ కాగితం మూడు పొరలు వేయండి, పక్కల నుంచి వెలుతురు దూరకుండా నల్ల చార్ట్ కప్పండి. చీమలకు ఎరుపు సరిగ్గా కనిపించదు కాబట్టి వాటికి లోపలంతా చీకటే. ట్యూబ్ మీద కప్పిన గుడ్డ ఒక్కసారిగా తీసేసి, 30 సెంటీమీటర్ల దూరంలో ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. ఎండలో మాత్రం పెట్టొద్దు, గాజు గొట్టంలో ఎండ పడితే నిమిషాల్లో ఉడికిపోతాయి. నాలుగు రోజులైనా కదలకపోతే వెలుతురు వాటికి అలవాటైపోయిందన్నమాట. రెండు రోజులు మళ్లీ కప్పి ఉంచి, తర్వాత హఠాత్తుగా తీయండి.

దీనితో పాటు ఒక చిన్న ఉపాయం: ట్యూబ్ మూతి దగ్గర పడి ఉన్న ఖాళీ ప్యూపా కాయల తొడుగులు రెండు మూడు తీసి కొత్త గూటి తడి గదిలో వేయండి. సొంత కాలనీ వాసన ఉంటే వెతకడానికి వచ్చిన చీమలు ఎక్కువసేపు ఆగుతాయి.

కదలిక ఎలా మొదలవుతుందో చెప్తాను, చూస్తే గుర్తుపట్టగలరు. ముందు ఒకటో రెండో చీమలు గూట్లోకి వచ్చి గోడలన్నీ మీసాలతో తడుముతాయి, వెనక్కి పోతాయి. అది గంటలు సాగుతుంది. తర్వాత ఒక చీమ ఇంకో చీమను దవడలతో పట్టి ఎత్తుకొస్తుంది. ఎత్తబడిన చీమ పెనుగులాడదు, కాళ్లూ మీసాలూ ముడిచి, ప్యూపాలాగా మోసే చీమ తల కింద ఒదిగి ఉంటుంది. ఇది కనిపించిందంటే నిర్ణయం అయిపోయినట్టే. దాని తర్వాత కాయలు, లార్వాలు వస్తాయి. రాణి తరచూ మధ్యలోనో చివర్లోనో నడిచి వస్తుంది. పిల్లల్ని సగం తెచ్చి మళ్లీ వెనక్కి మోసుకుపోయినా కంగారు పడకండి, ఆ వెనకాముందూ ఒక్కోసారి రెండు రోజులు నడుస్తుంది. ఆ సమయంలో బల్బు ఆర్పడం, కాగితం ఎత్తి చూడటం చేయొద్దు.

అన్ని చీమలూ ఇలా చేయవు. డయాకమ్మా ఇండికం జాతిలో దారి తెలిసిన చీమ వెనకే రెండోది దాన్ని మీసాలతో తాకుతూ నడిచి వస్తుంది, ఒక్కొక్కదాన్నీ ఇలాగే తీసుకురావాలి. అవి మీ దగ్గరుంటే పైపు ఇంకా చిన్నదిగా, మలుపులు లేకుండా ఉండాలి, ఓపిక రెట్టింపు కావాలి.

ఒకవేళ ట్యూబ్‌లో నీళ్లు నిజంగానే కారితే అప్పుడు ఆగొద్దు. ట్యూబ్‌ని మేత డబ్బాలో పడుకోబెట్టి మూతి దగ్గరి దూది తీసేయండి, మూతి కొద్దిగా పైకి ఉంచండి. చీమలు వాటంతట అవే నడిచి వస్తాయి. తడిలో చిక్కిన లార్వాలను తడిపిన మెత్తటి సున్నా నంబర్ కుంచెతో ఎత్తి గూటి ద్వారం దగ్గర పెట్టండి, పనిచీమలు లోపలికి మోసుకుపోతాయి. చిమటాతో కాళ్లు పట్టి ఎత్తకండి, ముఖ్యంగా రాణిని.

రాణి మారాక కూడా ఖాళీ ట్యూబ్‌ని మూడు నాలుగు రోజులు అలాగే ఉంచండి, మిగిలిన ఒకటి రెండు చీమల్ని అవే తెచ్చుకుంటాయి. మరుసటి రోజు మేత డబ్బాలో చక్కెర నీళ్ల చుక్క, రెండు రోజుల తర్వాత వేడినీళ్లలో ముంచి చంపిన బొద్దింక కాలు ముక్క పెట్టండి. మందు కొట్టిన ఇంట్లో దొరికిన బొద్దింక వద్దు. మొదటి వారంలో గుడ్లు కొన్ని మాయమవుతాయి, బెదురుకు చీమలే వాటిని తినేస్తాయి. లార్వాలు తగ్గకపోతే భయం లేదు. రెండు గదుల నేల మీద చీమలు ఒకదానిపై ఒకటి ఉండేంత నిండాకే మూడో గది దూది తీయండి.