సింగపూర్ జోలికి ఎవరూ ఎందుకు రారు?

"చుట్టూ పెద్ద దేశాలున్నప్పుడు ఒక చిన్న దేశం ఎంత సైన్యాన్ని పోషిస్తే మాత్రం ఏం లాభం? నిజంగా యుద్ధమొస్తే నాలుగు రోజులైనా నిలవగలదా?" అని మీరు అడిగారు. మేం సింగపూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్లం. మా అబ్బాయి ఇక్కడి సైన్యంలో రెండేళ్లు చేసి వచ్చాడు. అందుకని వేరే దేశాల జోలికి పోకుండా నేను చూసిన ఈ దేశం సంగతే చెబుతాను.

ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు. నాలుగు రోజులు నిలుస్తుందా, నలభై రోజులు నిలుస్తుందా అన్నది ఎవరూ చెప్పలేరు. కానీ చిన్న దేశం యుద్ధం గెలవనక్కర్లేదు. దీని మీదికి వస్తే మనకు గిట్టుబాటు కాదని ఎదుటివాడు ముందే లెక్క తేల్చుకుంటే చాలు. సింగపూర్ దాదాపు అరవై ఏళ్లుగా చేస్తున్న పని ఇదే.

1965 ఆగస్టు 9న ఈ దేశం పుట్టింది. మలేషియా నుంచి విడిపోయింది అంటారు గానీ, బయటికి పంపేశారనడమే సబబు. అప్పుడు చేతిలో ఉన్నవి రెండు పదాతి బెటాలియన్లు. యుద్ధ విమానం ఒక్కటీ లేదు. పైన మలేషియా, కింద ఇండోనేషియా. ఆ ఏడాది మార్చిలోనే ఇండోనేషియా మెరైన్లు ఆర్చర్డ్ రోడ్డులోని మెక్‌డొనాల్డ్ హౌస్‌లో బాంబు పెడితే ముగ్గురు చనిపోయారు. ఉన్న ధీమా అంతా బ్రిటిష్ స్థావరాలదే. వాళ్లు కూడా 1971 చివరికల్లా వెళ్లిపోతామని 1968 జనవరిలో చెప్పేశారు.

మనవాళ్లు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సింగపూర్ తొలి ప్రధాని లీ క్వాన్ యూ సాయం అడిగినవాళ్లలో మనమూ ఉన్నాం. అయిదు బెటాలియన్లు తయారు చేసుకోవడానికి సాయం చేయమని ఆయన లాల్ బహదూర్ శాస్త్రికి రాశారు. శాస్త్రిగారు శుభాకాంక్షలు పంపారు, సైన్యం ఊసెత్తలేదు. అప్పుడు మనకు పాకిస్తాన్‌తో యుద్ధం నెత్తిమీదుంది మరి. చివరికి వచ్చింది ఇజ్రాయెల్ వాళ్లు. పొరుగున ఉన్నవి ముస్లింలు ఎక్కువున్న దేశాలు కాబట్టి, వచ్చిన వాళ్లను "మెక్సికన్లు" అని చెప్పుకుని గుట్టుగా పని చేయించుకున్నారు.

పెద్ద చేప చిన్న చేపను, చిన్న చేప రొయ్యను తినే లోకంలో సింగపూర్ విషపు రొయ్యలా బతకాలని లీ 1966లో అన్న మాట ఇక్కడ ఇప్పటికీ అందరి నోటా వినిపిస్తుంది. అయితే రొయ్యలో విషముందని తినబోయేవాడికి ముందే తెలియాలిగా! అందుకే 1969 జాతీయ దినోత్సవ కవాతులో ఇజ్రాయెల్ దగ్గర కొన్న ఏఎంఎక్స్-13 ట్యాంకులను జనం ముందు నడిపించారు. అప్పటికి మలేషియాకు ట్యాంకులే లేవు. ఆయుధాన్ని కొనడం ఎంత ముఖ్యమో, సమయం చూసి కనబడనివ్వడం కూడా అంతే ముఖ్యం.

ఇక అసలు సంగతి నేషనల్ సర్వీస్. 1967లో చట్టం చేశారు. పద్దెనిమిదేళ్లు నిండిన మగపిల్లలు రెండేళ్లు సైన్యంలోనో, పోలీసులోనో, సివిల్ డిఫెన్స్‌లోనో చేయాలి. ఉద్యోగం మీద వచ్చి పీఆర్ (శాశ్వత నివాస హక్కు) తీసుకున్న తండ్రికి మినహాయింపు ఉంటుంది, తండ్రితో పాటు పీఆర్ తీసుకున్న కొడుక్కి ఉండదు. ఇక్కడి తెలుగు ఇళ్లలో మగపిల్లాడుంటే పీఆర్‌కు పెట్టే ముందు ఈ చర్చ జరిగి తీరుతుంది. కొందరు కొడుకు పేరు తప్ప మిగతా అందరి పేర్లూ పెడతారు. ఎగ్గొడితే జైలు, పది వేల డాలర్ల దాకా జరిమానా. సర్వీసు చేయకుండా పీఆర్ వదిలేసుకుని పోతే, రేపు మళ్లీ చదువుకో ఉద్యోగానికో వస్తామన్నప్పుడు అది అడ్డం పడుతుంది. మేం పెట్టాం. మా అత్తగారు ఏడాదిపాటు ఫోన్‌లో సణిగారు.

చేరిన రోజు తల్లిదండ్రుల్ని కూడా చాంగీ నుంచి ఫెర్రీలో సైనిక శిక్షణ జరిగే టెకాంగ్ ద్వీపానికి తీసుకెళ్తారు. పిల్లలు పడుకునే గదులు చూపిస్తారు, కుక్‌హౌస్‌లో భోజనం పెడతారు. శాకాహారం విడిగా దొరుకుతుందా అని నేను అడిగితే, అక్కడి సార్జెంటు అప్పటికి ఆ ప్రశ్న వందసార్లు విన్నవాడిలా తలూపాడు. ఇదంతా ఉత్త మర్యాద అనుకోకండి. ఏటా వేలమంది తల్లులు నమ్మి పంపితేనే ఈ చట్టం నడుస్తుంది, ఆ సంగతి వాళ్లకు బాగా తెలుసు. మా వాడి గదిలో మలయ్ పిల్లాడొకడు, హాకర్ సెంటర్‌లో నూడుల్స్ అమ్మే ఆయన కొడుకొకడు, పెద్ద లాయరు కొడుకొకడు. శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చి బురద బట్టలు వాషింగ్ మెషిన్‌లో పడేసి ఆదివారం దాకా నిద్రపోయేవాడు. మాట తీరు మారిపోయింది. నాకు నచ్చని మాటలూ కొన్ని నేర్చాడు.

రెండేళ్లతో అయిపోదు. ఆ తరవాత రిజర్విస్టు. మామూలు సైనికుడికి నలభై ఏళ్ల వరకు, ఆఫీసరుకు యాభై వరకు పిలుపు వస్తుంది. మా టీమ్ లీడ్ ఒక్కో ఏడాది రెండు మూడు వారాలు క్యాంపుకని మాయమైపోతాడు. నెత్తి మీద ప్రాజెక్టు డెడ్‌లైన్ ఉన్నా క్లయింటు కిక్కురుమనడు, ఎందుకంటే క్లయింటు కూడా పోయినేడు వెళ్లొచ్చినవాడే. అప్పుడప్పుడు మొబిలైజేషన్ అభ్యాసం పెడతారు. టీవీలో, రేడియోలో, సినిమా హాళ్లలో కూడా కోడ్ పేర్లు వేస్తారు. తన యూనిట్ పేరు కనబడితే గంటల వ్యవధిలో రిపోర్టు చేయాలి. ఇరుగు పొరుగు దేశాల జనరళ్లు ముందు చూసేది దీన్నేనని నా నమ్మకం. విమానాలు డబ్బున్న ఎవరైనా కొనుక్కోవచ్చు. 1990 ఆగస్టులో కువైట్ దగ్గర డబ్బూ ఉంది, యుద్ధ విమానాలూ ఉన్నాయి. ఇరాక్ రెండు రోజుల్లో ఆక్రమించేసింది. పిలిచిన గంటల్లో బ్యాంకు గుమాస్తాలు, టాక్సీ డ్రైవర్లు లక్షల్లో తుపాకీ పట్టుకుని నిలబడే చోటును అలా పట్టుకోవడం కష్టం.

బయటినుంచి చూసేవాళ్లకు అంతగా కనబడనిది నీళ్ల వ్యవహారం. విడిపోయిన రోజుల్లోనే మలేషియా ప్రధాని టుంకు అబ్దుల్ రహమాన్, సింగపూర్ మాట వినకపోతే పక్కనున్న మలేషియా రాష్ట్రం జొహోర్ నుంచి వచ్చే నీళ్లు ఆపుతామని బెదిరించొచ్చని బ్రిటిష్ హైకమిషనర్‌తో అన్నారు. 1962 ఒప్పందం ప్రకారం రోజుకు 25 కోట్ల గ్యాలన్ల దాకా తీసుకునే హక్కుంది, అది 2061 దాకా నడుస్తుంది. నీళ్లు ఆపితే సైన్యం వెళ్లి తెరుస్తుందని లీ తరవాత మలేషియా నేత మహతిర్‌కు ముఖం మీదే చెప్పానని రాసుకున్నారు. అలా అంటూనే ఇంకోపక్క రిజర్వాయర్లు కట్టారు, వాడిన నీటిని శుద్ధి చేసే నీవాటర్ ప్లాంట్లు 2003 నుంచి నడుపుతున్నారు, సముద్రపు నీటిని మంచినీళ్లుగా మారుస్తున్నారు. ఎదుటివాడి చేతిలో మన గొంతు ఉన్నంతకాలం ఎన్ని ట్యాంకులుంటే ఏం? నన్నడిగితే రక్షణ బడ్జెట్‌లో లేని అతి పెద్ద రక్షణ ఖర్చు ఇదే.

1984లో టోటల్ డిఫెన్స్ అని పేరుపెట్టి సైన్యంతో పాటు ఆర్థికం, సామాజికం, మనోబలం లాంటివన్నీ అందులో చేర్చారు. బళ్లో పిల్లలకు చెబుతారు. 1942లో ఈ ద్వీపం జపాన్ చేతికి చిక్కిన ఫిబ్రవరి 15న ఏటా సైరన్ మోగిస్తారు. కొత్త ప్రభుత్వ ఫ్లాట్లన్నిటిలో ఉక్కు తలుపుతో ఒక బాంబ్ షెల్టర్ గది ఉంటుంది. గోడలకు ఇష్టమొచ్చినట్టు డ్రిల్ కొట్టకూడదు. మా షెల్టర్‌లో సోనామసూరి బస్తాలు, ఆవకాయ జాడీ, పాత సూట్‌కేసులు ఉన్నాయి. చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. అభ్యాసానికి చోటు లేక యుద్ధ విమానాలను అమెరికా, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా పంపుతారు. పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండా వైమానిక స్థావరానికీ వస్తారు. 1965లో దొరకని సాయం ఆ రూపంలో ఇప్పుడు అందుతోందన్నమాట.

ఇదంతా సైన్యం గొప్పే అంటే నేనొప్పుకోను. అమెరికా నౌకలకు చాంగీలో చోటిచ్చారు. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మలేషియాలతో 1971 నుంచి అయిదు దేశాల రక్షణ ఏర్పాటు ఉంది. ఈ రేవు మూతపడితే చైనా నుంచి యూరప్ దాకా అందరికీ దెబ్బే. అంతర్జాతీయ చట్టం విషయంలోనూ పట్టుదల ఎక్కువ. 1983లో అమెరికా గ్రెనడా మీదికి వెళ్లినప్పుడు, స్నేహం పక్కన పెట్టి ఐరాసలో దాన్ని ఖండిస్తూ ఓటేశారు. 2022లో ఉక్రెయిన్ విషయంలో రష్యా మీద ఆంక్షలు పెట్టారు. పెద్దది చిన్నదాన్ని మింగడం ఒకచోట చెల్లితే రేపు తమ వంతు వస్తుందని వాళ్ల భయం.

ఇక ఖర్చు సంగతి. జీడీపీలో 3 శాతం అటూ ఇటూగా ప్రతి ఏడూ తప్పకుండా పెడతారు, ఆర్థిక మాంద్యం వచ్చినా పెద్దగా తగ్గించరు. డబ్బుకు అందని ఖర్చు కూడా ఉంది. మా వాడి వయసు అమ్మాయిలు, విదేశాల నుంచి వచ్చే కుర్రాళ్లు రెండేళ్లు ముందే ఉద్యోగంలో చేరిపోతారు. "మా పిల్లలు కాపలా కాస్తుంటే మీవాళ్లు ఉద్యోగాలు పట్టుకుపోతున్నారు" అనే మాట స్థానికుల నోట నేనూ విన్నాను, అందులో న్యాయం లేకపోలేదు. శిక్షణలో పిల్లలు చనిపోయిన ఘటనలు కూడా జరిగాయి. అలాంటి వార్త వచ్చిన వారం ఏ తల్లికీ నిద్ర పట్టదు.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఇప్పుడు మొదలైంది. 2023లో ఇక్కడ జననాల రేటు ఒక్కో స్త్రీకి 0.97కు పడిపోయింది. ఈ సైన్యం నిలబడిందే ఏటా వచ్చే కుర్రాళ్ల మీద, రేపు ఆ కుర్రాళ్లే బాగా తగ్గిపోతారు. తక్కువ మందితో నడిచే నౌకలు, డ్రోన్లు తెస్తున్నారు, 2022లో డిజిటల్ యుద్ధానికి నాలుగో దళమూ పెట్టారు. ఆడపిల్లలకూ సర్వీసు పెట్టాలా వద్దా అన్న వాదన అప్పుడప్పుడు లేస్తుంది, ప్రభుత్వం ప్రతిసారీ అవసరం లేదంటోంది. పదిహేనేళ్లలో ఆ జవాబు మారుతుందని నా అనుమానం.