గునుగు పువ్వు ఇబాదాన్‌లోనూ పూస్తుంది

ప్రశ్న: మా అమ్మాయి గణితంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఏడాదిపాటు బాలికలకు చదువు చెప్పడానికి నైజీరియాలోని ఇబాదాన్ నగరానికి వెళ్ళింది. ఊహ తెలిసిన నాటి నుంచి ఆమె బతుకమ్మ ఆడని ఏడు లేదు. ఈసారి ఫోనులో అడిగితే, "ఇక్కడ తంగేడు లేదు, గునుగు లేదు, తోడు పాడేవాళ్ళూ లేరు, వచ్చే ఏడు చూద్దాంలే అమ్మా" అంటున్నది. పువ్వులు ఎండబెట్టి పార్సిల్ చేద్దామని నా ఆలోచన. సేవకని వెళ్ళిన చోట మన పండుగను వాళ్ళ మీద రుద్దడం తగదని మా వారి మాట. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, మల్కాజిగిరి, హైదరాబాదు

సమాధానం: అమ్మా, ముందుగా పార్సిల్ ఆలోచన మానుకోండి. పువ్వులు, విత్తనాలు, మొక్కల భాగాలు ఒక దేశం నుంచి మరొక దేశానికి వెళ్ళాలంటే తెగుళ్ళు వ్యాపించకుండా పెట్టిన క్వారంటైన్ నిబంధనలు ఉంటాయి. తగిన ధ్రువపత్రం లేకుండా పంపితే అవి అక్కడే ఆగిపోవడమే కాక, అమ్మాయికి చిక్కులు కూడా రావచ్చు.

అసలు పంపవలసిన అవసరం కూడా లేదు. గునుగు లేదని మీ అమ్మాయి అనుకోవడానికి కారణం, ఆమె దానిని పువ్వుగా వెతకడమే. మనం పొలం గట్లమీద కోసుకొచ్చే గునుగు, నైజీరియా నైరుతి ప్రాంతంలో అందరూ ఇష్టంగా వండుకునే ఆకుకూర. యోరుబా భాషలో దానిని సోకో అంటారు. లేత ఆకుల కోసం పూత రాకముందే కోస్తారు కనుక, సంతలో చూసిన వారికి అది గునుగని తట్టదు. సోకో అమ్మే ఆమెను రెండు రోజుల ముందుగా పలకరించి, కూరకు పనికిరాకుండా ముదిరి, వెన్ను వేసిన మొక్కలు మడిలో ఏమైనా మిగిలాయా అని అడగమనండి. విత్తనానికి వదిలినవి ఉంటే, తెల్లగా, గులాబి రంగుగా మన గునుగే కనబడుతుంది.

తంగేడు మాత్రం మన నేలది. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైన ఆ పువ్వు అక్కడ దొరుకుతుందని నేను ఆశ పెట్టను. అయితే అదే జాతికి చెందిన కసివింద, మెట్టతామర పశ్చిమ ఆఫ్రికాలో విరివిగా పెరుగుతాయి, వాటివీ పసుపు పువ్వులే. స్థానికులను అడిగి, వారు సరేనన్న చోట కోసుకోవాలి. మన బతుకమ్మలో బంతి మెక్సికో వైపు నుంచి వచ్చినది. గౌరమ్మగా నిలిపే గుమ్మడి పువ్వు కూడా అమెరికా ఖండపు తీగదే. హైదరాబాదులో ఉన్న మనమే గుడిమల్కాపూర్ మార్కెట్టులో కట్టలు కొని, గునుగుకు రంగులద్ది పేరుస్తున్నాము. ఆ పూట ఆ నేల మీద పూసినదాన్ని తెచ్చి వరుసలుగా పేర్చడమే ఈ పండుగ పద్ధతి కనుక, ఇబాదాన్ పువ్వులతో చేసిన బతుకమ్మకు ఏ లోపమూ ఉండదు. సిబ్బి లేకపోతే వెడల్పాటి పళ్ళెం, అడుగున అరటి ఆకు సరిపోతాయి.

సద్దుల విషయం మరీ సులువు. నువ్వులు, పల్లీలు నైజీరియాలో బాగా పండుతాయి. గుగ్గిళ్ళకు వాడే బొబ్బర్లు ఆఫ్రికాలో పుట్టిన పంట, వాటిని ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా పండించేది ఆ దేశమే. మలీదకు రొట్టె చేసే సజ్జలను మొట్టమొదట సాగు చేసినది కూడా పశ్చిమ ఆఫ్రికా రైతులే. మాలి దేశంలో దాదాపు 4,500 ఏళ్ళనాటి ఆధారాలు దొరికాయి. బెల్లం దొరకకపోతే చక్కెరతో చేసుకోవచ్చు.

ఇక మీ వారి మాట. దానిని నేను కొట్టివేయను. చదువు చెప్పే వ్యక్తి అడిగితే పిల్లలు కాదనలేరు, ఇష్టమై వచ్చారో మొహమాటంతో వచ్చారో మనకు తెలియదు. అక్కడి పిల్లల్లో క్రైస్తవులూ ముస్లిములూ ఎక్కువ. అందుచేత పసుపు గౌరమ్మకు చేసే పూజను మీ అమ్మాయి తన గదిలోనే ముగించుకుని, పూలు పేర్చడం, చుట్టూ తిరిగి చప్పట్లు కొడుతూ ఆడడం మాత్రం ప్రధానోపాధ్యాయురాలి అనుమతితో బడి వేళల తరువాత, రావాలనుకున్నవారితో చేయడం మంచిది. బడి సొమ్ము ఒక్క రూపాయి కూడా దీనికి వాడకూడదు. పిల్లల ఫోటోలు పెద్దల అనుమతి లేకుండా మీకు కూడా పంపకూడదు. పాట రాదన్న బెంగ అక్కరలేదు. పాదం చివర "ఉయ్యాలో" అనడం ఏ భాష పిల్లకైనా రెండు నిమిషాల్లో వస్తుంది. నీటిని తల్లిగా కొలవడం ఆ ప్రాంతానికి కొత్త కాదు. ఇబాదాన్‌కు ఈశాన్యంగా ఉన్న ఒషొగ్బోలో ఒషున్ నదీదేవతకు ఏటా ఆగస్టులో ఉత్సవం జరుగుతుంది. ఆ పవిత్ర వనాన్ని యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వచ్చే ఆగస్టుకు ఇంకా అక్కడే ఉంటే, ఆమె వెళ్ళి చూసి రావాలని నా కోరిక.

నిమజ్జనం గురించి మాత్రం గట్టిగా చెప్పండి. మన చెరువులో దిగినట్టు అక్కడి చెరువుల్లో, వాగుల్లో కాలు పెట్టకూడదు. బిల్హార్జియా అనే వ్యాధిని కలిగించే పరాన్నజీవి నత్తల నుంచి మంచినీటిలోకి చేరి, ఒట్టి చర్మం గుండానే శరీరంలోకి పోతుంది. ఆ వ్యాధి ఎక్కువగా ఉన్న దేశాల్లో నైజీరియా ఒకటి. పెద్ద తొట్టిలో నీళ్ళు నింపి బతుకమ్మను అందులో వదిలి, మరునాడు ఆ పూలను మొక్కల మొదట్లో వేస్తే చాలు.

తొమ్మిది రోజులూ చేయమని ఒత్తిడి పెట్టకండి. సద్దుల నాటి ఒక్క సాయంత్రం చాలు. ఇబాదాన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది కనుక ఇద్దరూ ఒకే సమయానికి ఆడడం కుదరదు. మీరు సాయంత్రం ఆరున్నరకు మల్కాజిగిరిలో ఆడుతూ పాడిన పాటలను ఫోనులో రికార్డు చేసి పంపండి. అక్కడ ఆరు గంటలకు ఆమె మీ గొంతు పెట్టుకుని ఆడుతుంది. అప్పటికి మీకు రాత్రి పదిన్నర అవుతుంది, ఆ ఒక్క రాత్రి మేలుకొని ఉండండి.